మా బావ మిషనుకు పెట్టిన పనికిరాని పెట్టె

పొద్దున పది గంటల ఇరవై నిమిషాలకు మా బావ హిందూపురం బజారులో నడుస్తూ ఆగి, ఒక అంగడి మెట్టు మీద కాలు పెట్టి, చెప్పులో దూరిన గులకరాయిని తీసి పారేశాడు. అప్పుడే గడియారం చూసుకున్నాను కాబట్టి టైము గుర్తుంది. పదిన్నరకు పెనుకొండ బస్సు. వెల్డింగు కడ్డీలు కొనడం అయిపోయింది. ఇక బస్సు అందుకోవాలని నా తొందర.

రాయి పారేసి తల ఎత్తిన మనిషి ఇక కదల్లేదు. ఆ అంగడి ముందు చెనిక్కాయలు, అదే వేరుశనగ, ఒలిచే మిషన్లు ఐదు వరుసగా నిలబెట్టి ఉన్నాయి. అన్నీ ఆకుపచ్చ రంగు.

"ఏమబ్బా, అవి నావి కదా?" అన్నాడు.

"నీవే" అన్నాను, గడియారం చూస్తూ.

"ఈడ నేను ఎవురికీ అమ్మలేదే?"

అప్పుడు నేను కూడా సరిగా చూశాను. ఆయన చేసేవాటి కంటే కాళ్ళు కాస్త పొట్టి. పిడికి చెక్క బదులు పైపు వేశారు. తక్కినదంతా అదే. బావ ముందుకెళ్ళి మొదటి మిషను పక్కన అతికించిన చిన్న రేకు పెట్టెను వేలితో తట్టాడు. లోపల ఏదో గలగలమంది. ఆయన ముఖం వెలిగిపోయింది. తన సొత్తు దొంగిలించినవాడి అంగడి ముందు అంత సంతోషంగా నిలబడిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

"దొరికినాడు" అన్నాడు.

ఇది తొంభైల చివరి మాట. ఆయన మా అక్క మొగుడు. పెనుకొండలో వెల్డింగు షాపు ఉండేది. గేట్లు, కిటికీ కమ్మీలు, ట్రాక్టరు ట్రాలీలు చేసేవాడు. నేను అదే ఊళ్ళో గ్రంథాలయంలో పని చేసేవాణ్ణి. ఆయన పుస్తకం పట్టిన పాపాన పోలేదు. కానీ సాయంత్రం షాపు ముందు స్టూలు వేసి నన్ను కూర్చోబెట్టి, ఆ వారం ఏం చదివానో అడిగేవాడు. సగం చెప్పేసరికి, "చాలు, తక్కినది నేను చూసుకుంటా" అనేవాడు. ఆయన లేకుండా పోయి చాలా ఏళ్ళయింది. చదివిన దాంట్లో సగం చెప్పి ఆపే అలవాటు నాకింకా పోలేదు. వినేవాళ్ళు తక్కిన సగం కోసం చూస్తారు.

మిషను సంగతి చెప్పాలి. మా వైపు వానకు ముందు విత్తనం కోసం కాయలు చేత్తో ఒలిచేవాళ్ళు. ఆడవాళ్ళు పదిమంది గుంపుగా కూర్చుని వారాల తరబడి ఒలిస్తే వేలి కొసలు పగిలిపోయేవి. మిషన్లు లేక కాదు. నూనెకు కాయలు ఒలిచే మిషన్లు ఎప్పటినుంచో ఉన్నాయి. వాటి ఇనుప పళ్ళకు సగం గింజలు చిట్లుతాయి. నూనెకైతే పరవాలేదు. విత్తనానికి మాత్రం గింజ మీది ఎర్ర పొర లేచినా మొలక రాదు. మా బావ ఇనుప పళ్ళు తీసేసి చెక్క దిమ్మె పెట్టి, దానికి లారీ టైరు రబ్బరు కొట్టాడు. కింద జల్లెడ, పైన రబ్బరు, మధ్య సందు. పిడి అటూ ఇటూ ఊపితే కాయ నలిగి గింజ నిండుగా కింద పడాలి. ఆ సందు కుదరడానికి రెండేళ్ళు పట్టింది. చిట్లిన గింజలన్నీ మా అక్క చట్నీ చేసింది. ఆ రెండేళ్ళు వాళ్ళింట్లో ఇడ్లీలోకి చట్నీ, అన్నంలోకి చట్నీ, సంగటిలోకి చట్నీ. చివరికి మా అక్క, "ఈ మిషను పని చేసినా సరే, నువ్వు పోయినా సరే, ఏదో ఒకటి కానీ" అంది. తర్వాత నెలకే పని చేసింది.

పెట్టె సంగతి నా పాపం. పటాలు గీసేవాళ్ళు, తమ పటాన్ని ఇంకొకరు దొంగిలిస్తే పట్టుకోవడానికి, ఎక్కడా లేని ఊరొకటి అందులో రాస్తారని ఎక్కడో చదివాను. నకలు కొట్టినవాడు ఆ లేని ఊరిని కూడా ఎక్కించుకుని దొరికిపోతాడు. స్టూలు మీద కూర్చుని ఈ మాట సగం చెప్పేసరికి బావ చాలన్నాడు. మర్నాటికి మిషను పక్కన అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద రేకు పెట్టె మొలిచింది. నాలుగు వైపులా వెల్డింగు. లోపల ఐదు పాత నట్లు. దానికి పనేమీ లేదు. రైతులు అడిగితే, "అది ఉండాల" అని మాత్రం చెప్పేవాడు. ఎందుకుండాలో ఎవరూ అడగలేదు. ఇనుముతో చేసినదానికి కారణం అడిగే అలవాటు మా వాళ్ళకు లేదు.

అలా ఆ రోజు హిందూపురంలో లేని ఊరు పట్టుబడింది. మేం లోపలికెళ్ళాం. అంగడాయన బావ కంటే చిన్నవాడు. మమ్మల్ని కొనేవాళ్ళనుకుని కుర్చీలు వేశాడు.

"ఈ పెట్టె ఎందుకప్పా?" అన్నాడు బావ, ఏమీ తెలియనట్టు.

"అది బ్యాలెన్సన్నా. పిడి ఇటు తోసినప్పుడు గుండ్లు అటు పోతాయి, అటు తోసినప్పుడు ఇటొస్తాయి. చేతికి బరువు తెలీదు. అది లేకుంటే సాయంత్రానికి భుజం పడిపోతాది."

"ఏం గుండ్లు పెట్టినావు?"

"సైకిలు బేరింగులవి. కొందరు నట్లు పెడతారు. నట్లు మంచిది కాదన్నా, ఊరికే సద్దు చేస్తాయి."

బావ లేచి బయటికొచ్చేశాడు. నేనూ వెనకే వచ్చాను. సందు మలుపు తిరిగాక గోడకు ఆనుకుని నవ్వు మొదలుపెట్టాడు. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. "రెండేండ్ల నుంచి అమ్ముతాండా, నాకే తెలీదబ్బా అది బ్యాలెన్సని" అన్నాడు. తర్వాత నవ్వాగింది. "నట్లు మంచివి కాదంట" అన్నాడు. అది ఆయనకు బాగా తగిలింది.

డబ్బు కోసం కాదు అంటే అబద్ధమవుతుంది. డబ్బు కూడా కావాలి. కానీ ఆ మిషను తనదని ఎవరైనా ఒప్పుకోవాలి, అదీ ఆయన పట్టుదల. రెండేళ్ళు చట్నీ తిన్నది తాను. ఇంకొకడు కుర్చీ వేసి తన మిషను గురించి తనకే చెప్తే ఎలా ఊరుకుంటాడు?

బస్సు పోయింది. హిందూపురంలోనే బావ కిటికీ కమ్మీలు చేసిపెట్టిన వకీలు ఒకాయన ఉన్నాడు. ఆయన దగ్గరికి వెళ్ళాం. ఆయన అంతా విని, పేటెంటు అని ఒకటుంటుంది, మద్రాసులో ఇస్తారు, అన్నాడు. బావ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"మిషను ఇంతవరకు ఎవరికైనా చూపించినావా?"

"చూపించకుండా ఎట్ల అమ్మేది సార్?"

"ఎక్కడ చూపించినావు?"

"సంతలో. ఎద్దులు అమ్మే పరసలో. మా షాపు ముందర. అడిగినోళ్ళకి, అడగనోళ్ళకి కూడా."

"అయితే అయిపాయ" అన్నాడు వకీలు. "కొత్తదానికే పేటెంటు. లోకానికి తెలిసిపోయినాక కొత్తది ఎట్ల అవుతాదప్పా? ముందు కాగితం పెట్టి, ఆ తర్వాత సంతకు పోవల్ల."

"అంటే దాపెట్టుకున్నోనికి చట్టం ఉంటాది. బజారులో పెట్టినోనికి లేదు."

"ఆ మాట చట్టం రాసినోళ్ళతో అనుకో."

బావ తన పెద్ద ఆయుధం తీశాడు. పెట్టె సంగతి చెప్పాడు. పనికిరాని పెట్టె, దొంగను పట్టడానికే పెట్టిన పెట్టె, వాడు అదీ నకలు చేశాడు, ఇంతకంటే రుజువేం కావాలి? వకీలు చాలాసేపు ఆలోచించాడు. మేం గెలిచామనుకున్నాం.

"కోర్టులో ఈ మాట చెప్తావా?"

"గట్టిగా చెప్తా."

"పనికిరాని పెట్టెను రెండేండ్లు రైతులకు ఎందుకు అంటగట్టినావని జడ్జి అడిగితే?"

బావ నా వైపు చూశాడు. నేను గోడ మీద క్యాలెండరు చూశాను.

చివరికి వకీలు ఒక దారి చెప్పాడు. పాత మిషను ఎలాగూ పోయింది. దానికి ఏదైనా కొత్త మెరుగు చేసి, ఇంకా ఎవరికీ చూపించకుండా ఉంటే, దానికైనా కాగితం పెట్టొచ్చు. కొలతలతో బొమ్మ గీయించాలి. అంతవరకు ఎవరికీ చూపించకూడదు. "నీ భార్యకు కూడా" అన్నాడు. ఆ మాట ఆయన సరదాకి అన్నాడు. సరదాకి అనకుండా ఉండాల్సింది.

మెరుగు ఉంది. ఆ మిషన్‌లో అసలు కష్టం సందు దగ్గరే. వాన బాగా పడిన ఏడు కాయ లావుగా ఉంటుంది. ఎండిన ఏడు సన్నగా ఉంటుంది. లావు కాయకు పెట్టిన సందులో సన్న కాయ ఒలవకుండానే జారిపోతుంది. సన్న కాయకు పెట్టిన సందులో లావు కాయ చిట్లుతుంది. ప్రతి ఏడూ విప్పి కుదర్చాలి. బావ దానికొక మర చేశాడు. బయటి నుంచే తిప్పితే లోపల సందు మారుతుంది. ఒక్క మిషనుకే పెట్టి చూశాడు. దాన్ని షాపు వెనక గోనెపట్టాలు కప్పి ఉంచాడు.

ఇక బొమ్మ. పెనుకొండలో గీయగలవాళ్ళు ఒకరిద్దరు ఉన్నారు. కానీ బావకు ఆ నెలలో పెనుకొండలో ఎవరి మీదా నమ్మకం లేదు. ధర్మవరంలో చీరల అంచులకు గళ్ళ కాగితం మీద బొమ్మలు గీసే పెద్దాయన ఉన్నాడని నేనే చెప్పాను. ఒక్కో గడి ఒక్కో పోగు. వెంట్రుకంత తేడా రాదు. మళ్ళీ సగమే చెప్పాను. మళ్ళీ ఆయన చాలన్నాడు.

మిషనుకు గోనెపట్టా చుట్టి రైల్లో తీసుకెళ్ళాం. ధర్మవరం స్టేషన్లో కూలి దాన్ని ఎత్తబోతూ, "లోపలేముండాదన్నా?" అన్నాడు. బావకు అబద్ధం సమయానికి దొరకదు. "దేవుడు" అన్నాడు. కూలి చెప్పులు విడిచి, దండం పెట్టుకుని, వీధి చివరిదాకా వట్టి కాళ్ళతో మోశాడు. బావ దారంతా తల దించుకుని నడిచాడు. కూలికి అడిగిన దానికంటే ఎక్కువిచ్చాడు. పాపం పోయిందో లేదో తెలియదు.

పెద్దాయన కళ్ళద్దాలు సర్దుకుని మిషను చుట్టూ రెండుసార్లు తిరిగాడు. బావ ఆయన చేత ఎవరికీ చెప్పనని ప్రమాణం చేయించాలనుకున్నాడు.

"ఈడ దొంగతనం నాకు చెప్పాల్నా?" అని పెద్దాయన నవ్వాడు. "నేను గీసింది సోమవారం మగ్గమెక్కితే శనివారానికి పక్క వీధిలో నేస్తాంటారు."

"మరి నువ్వేం చేస్తావు?"

"ఆదివారం ఇంకోటి గీస్తా."

బావకు ఆ జవాబు నచ్చలేదు. మిషను ఆయన దగ్గరే వదిలి వస్తూ తిరుగు రైల్లో, "ఆయప్పకు రోషం లేదు" అన్నాడు.

మూడు వారాల తర్వాత వెళ్ళాం. పెద్దాయన కాగితం విప్పి పరిచాడు. గీత అద్భుతంగా ఉంది. జల్లెడ కన్నాలు కూడా లెక్క తప్పలేదు. కానీ మిషను మధ్యకు వచ్చి నిలువుగా ఆగిపోయింది. ఆ తర్వాత తెల్లకాగితం.

"తక్కిన సగం యాడుండాది?" అన్నాడు బావ.

"తక్కినదేముంది నాయనా? తిరగేస్తే అదే వస్తాది. మేం ఎప్పుడూ సగమే గీస్తాం. మిగతాది మగ్గం చూసుకుంటాది."

"ఇది చీర కాదు సామీ. దీనికి అటుపక్క వేరే ఉండాది."

"అటుపక్కేముంది, ఒక మర. ఇటుపక్క చూడు, ఎంత ముద్దుగా ఉండాదో." ఆయన వేలు పెట్టి చూపించింది పెట్టెను. గీయదగ్గ సగం అదేనని ఆయనకు తోచింది. పెట్టె మూలల్లో వెల్డింగు చుక్కలు కూడా దించాడు. మేం దేనికోసం మద్రాసుకు రాయాలనుకున్నామో ఆ మర ఒక్కటే కాగితం మీద లేదు. అది పంపి ఉంటే లోకంలో పనికిరాని పెట్టెకు పేటెంటు పుచ్చుకున్న మొదటి మనిషి మా బావ అయ్యేవాడు.

మర కొలతలు రాసుకుని, మళ్ళీ గీస్తానన్నాడు పెద్దాయన. కానీ పెళ్ళిళ్ళ చీరల పని నెత్తి మీదుంది. దసరా కానివ్వండి అన్నాడు. దసరా దాకా ఆగితే ఏమవుతుందిలే అనుకుని, మిషను వెనక్కి తెచ్చి మళ్ళీ గోనెపట్టాలు కప్పాం.

దసరాకు ఆయుధపూజ వస్తుంది. ఆ రోజు వెల్డింగు షాపుల్లో పని చేయరు. మిషన్లన్నీ కడిగి, విభూది పట్టెలు పెట్టి, కుంకుమ బొట్లు పెట్టి, నిమ్మకాయలు కట్టి, తలుపులు బార్లా తీసి పెడతారు. వీధిలో పోయే ప్రతివాడూ లోపలికొచ్చి దండం పెట్టుకుని బొరుగులు, బెల్లం, కొబ్బరి ముక్క తీసుకుపోతాడు. ఆ ముందురోజు బావ నాతో గుమ్మడికాయ తేవడానికి సంతకెళ్ళాడు. మేం తిరిగొచ్చేసరికి మా అక్క షాపు కడిగించి, బొట్లు పెట్టించి, అన్నీ సిద్ధం చేసింది. గోనెపట్టాలు మడిచి మూలన పెట్టింది. మర ఉన్న కొత్త మిషను వాకిలి నడిమధ్యన, అన్నిటికంటే ముందర, బంతిపూల దండతో నిలబడి ఉంది.

"ఎవురు తీసినారు దీన్ని?" అన్నాడు బావ.

"నేనే. కొత్త మిషను పూజకు పెట్టకుండా మూల కప్పి పెడితే ఇనుముకు కోపం రాదా? రేప్పొద్దున నీ చెయ్యి పోతే ఎవరు చూస్తారు?"

"దాన్ని ఎవురికీ చూపించగూడదు!"

"ఆ మాట నాకెప్పుడు చెప్పినావు?"

చెప్పలేదు. వకీలు చెప్పవద్దన్నాడు. మా బావ జీవితంలో చట్టానికి తూచా తప్పకుండా కట్టుబడింది ఆ ఒక్క విషయంలోనే.

దాన్ని లోపలికి తోసేద్దామన్నాడు బావ. అక్క ఒప్పుకోలేదు. బొట్టు పెట్టినదాన్ని వెనక్కి తీయకూడదు, కావాలంటే నన్ను తీసెయ్ అంది. మర్నాడు పొద్దుటినుంచీ జనం వచ్చారు. బొరుగులు నములుతూ ప్రతివాడూ ఆ మర పట్టుకుని తిప్పాడు. "ఇదేందన్నా?" "సందు మారుతాదా? బాగుండాదే!" బావ గుమ్మడికాయ పగలగొట్టి ఒక మూల కూర్చున్నాడు. మధ్యాహ్నం దాటాక హిందూపురం అంగడాయన కూడా వచ్చాడు. బావ ఇనుము కొనే చోటే ఆయనా కొంటాడట. అక్కడివాళ్ళు పెనుకొండ వస్తుంటే తోడొచ్చాడు. ఆ మిషన్లు మొదట చేసింది, తన అంగడికి వచ్చిపోయిన మనిషేనని ఆయనకు ఆ రోజే తెలిసింది. మొహమాటపడ్డాడు, కానీ బొరుగులు రెండు దోసిళ్ళు తీసుకున్నాడు. మరను అందరికంటే ఎక్కువసేపు తిప్పాడు. మా అక్క ఆయనకు రెండో కొబ్బరి చిప్ప కూడా ఇచ్చింది.

వకీలుకు చెప్పడానికి వెళ్ళాం.

"ఎంతమంది చూసినారు?"

"బొరుగులు ఎంతమందికి పెట్టినామో అంతమంది సార్."

"బొరుగులు ఎన్ని?"

"రెండు మూటలు."

వకీలు కాగితాలు పక్కకు జరిపాడు. బావ చివరి ప్రయత్నం చేశాడు. "అమ్మడానికి పెట్టలేదు సార్. పూజకు పెట్టినాం."

"దేవుడొక్కడే చూసింటే నేనేదో చూసేవాణ్ణప్పా" అన్నాడు ఆయన.

ధర్మవరం పెద్దాయన దసరా తర్వాత మాట నిలబెట్టుకుని పూర్తి బొమ్మ గీసి పంపించాడు. ఈసారి రెండు వైపులా ఉన్నాయి. మా అక్క దానికి అద్దం కట్టించి షాపులో తగిలించింది. చూసినవాళ్ళు ఏ దేవుడో అని దగ్గరికొచ్చి, కాదని తెలిసి వెనక్కి వెళ్ళేవాళ్ళు.

మరుసటి వేసవికి హిందూపురంలో మర ఉన్న మిషన్లు వచ్చాయి. పెట్టె ఉంది, మర ఉంది, ఆకుపచ్చ రంగు ఉంది. బావ విసుగొచ్చి పెట్టె లేకుండా నాలుగు చేశాడు. ఒక్కటీ పోలేదు. రైతులు చుట్టూ తిరిగి చూసి, "పెట్టె లేదే? ఇది నకలుదా?" అని వెళ్ళిపోయారు. ఆయన మళ్ళీ నాలుగింటికీ పెట్టెలు వెల్డింగు చేశాడు. నట్లే వేశాడు.

ఆ ఏడు అంతకుముందు పంటకు వాన సరిగా లేదు. కాయ చింతగింజంత. రోహిణి కార్తెలో ఒక పొద్దున నంబులపూలకుంట నుంచి ఒక రైతు బస్సు పైన మిషను వేసుకొచ్చి షాపు ముందు దించాడు. పొట్టి కాళ్ళు, పైపు పిడి. హిందూపురందే. అసలు చేసినవాడు పెనుకొండలో ఉన్నాడని ఎవరో చెప్పారట.

"ఏమప్పా, నీ మిషను సగం కాయ ఒలవదు, సగం గింజ నుజ్జు చేస్తాది" అన్నాడు రైతు.

"నాది కాదని చెప్పు" అంది మా అక్క గడప దగ్గర నుంచి. "హిందూపురానికి పొమ్మను. మనమేమన్నా ధర్మసత్రం పెట్టుకున్నామా?"

బావ ఏదో ఒకటి అంటాడని చూశాను. ఆయన రైతు తెచ్చిన సంచిలో చెయ్యి పెట్టి గుప్పెడు కాయలు తీశాడు. ఒకటి వేళ్ళ మధ్య నలిపాడు. తొట్టిలో పోసి పిడి ఊపాడు, చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. మర అర చుట్టు తిప్పాడు. మళ్ళీ ఊపాడు. ఇంకో పావు. ఆ తర్వాత పడిన గింజలు నిండుగా, ఎర్రగా ఉన్నాయి. రైతు అవి దోసిట్లో పట్టుకుని చూస్తూ ఉండిపోయాడు.

"ఎవురిదైతే ఏమే" అన్నాడు బావ అక్కతో. "కాయ చిట్లుతాంటే చూస్తూ కూర్చుంటామా?"

"చట్నీ చేసుకుంటాడు" అంది అక్క.

వారంలో పదిమంది వచ్చారు. మరను చూసి నకలు చేయొచ్చు. దాన్ని ఎంత తిప్పాలో చూస్తే తెలియదు. అది రెండేళ్ళు చట్నీ తిన్నవాడికే తెలుసు. తిప్పినవాళ్ళంతా ఇష్టమొచ్చినట్టు తిప్పి పాడుచేసి పెనుకొండకు తెచ్చేవాళ్ళు. ఆ తర్వాత ప్రతి ఏడూ రోహిణి కార్తె మొదలవగానే బావ షాపు ముందు మిషన్లు బారు తీరేవి. ఆయనవీ, హిందూపురంవీ, ఇంకెక్కడెక్కడివో. రైతులు పక్కన కాయల సంచులు పెట్టుకుని బీడీలు కాలుస్తూ కూర్చునేవాళ్ళు. వాన ఎప్పుడొస్తుందో పందేలు కట్టేవాళ్ళు.

అలాంటి ఒక రోజు హిందూపురం అంగడాయన టెంపోలో ఎనిమిది మిషన్లు వేసుకొచ్చాడు. రైతులు తిప్పి పంపినవి. దిగి తల గోక్కుంటూ నిలబడ్డాడు. ఇరవైమంది రైతులు చూస్తున్నారు.

"అన్నా, సందు పెట్టి ఇయ్యన్నా."

బావ తల ఎత్తలేదు. "ఆ పెట్టె ఎందుకుండాదో నీకు తెలుసునా?"

"బ్యాలెన్సుకు కదన్నా?"

"దేనికీ కాదు. దొంగను పట్టుకునేదానికి పెట్టినా. ఉత్త పెట్టె."

అంగడాయన కాసేపు బావ ముఖం చూశాడు. తర్వాత నవ్వేశాడు. "పోనీలేన్నా. చెప్పకుంటే చెప్పొద్దు. నీ మిషను, నీ గుట్టు. నా దగ్గర దాపెడతావని నాకు తెలీదా?"

రైతులు కూడా తలలూపారు. చేసినవాడు అసలు సంగతి ఎందుకు చెప్తాడు? ఉన్నదున్నట్టు చెప్పిన ఆ ఒక్కసారీ బావను ఎవరూ నమ్మలేదు.

ఆయన ఎనిమిదింటికీ సందు పెట్టి ఇచ్చాడు. సాయంత్రం స్టూలు వేసుకుని నా పక్కన కూర్చున్నాడు.

"ఇన్నావా?" అన్నాడు. "అందరి ముందర నీ మిషను అన్నాడు."

"విన్నాను."

"రెండుసార్లు అన్నాడు."

ఒక్కసారే అన్నాడు. నేను దిద్దలేదు.

ఆ తర్వాత ఆయన మళ్ళీ మద్రాసు ఊసెత్తలేదు. మిషన్లు చేయడం తగ్గించి సందు పెట్టడమే పనిగా పెట్టుకున్నాడు. హిందూపురం అంగడాయన ఇక కొన్నవాళ్ళందరికీ తానే చెప్పేవాడు, ఏడాదికొకసారి పెనుకొండకు తీసుకపోండి, ఆడ దీన్ని చేసిన మనిషి ఉన్నాడు, అని. రెండువేల సంవత్సరం తర్వాత కరెంటుతో నడిచేవి వచ్చాయి. వరసగా వానలు తప్పిన ఏళ్ళలో చాలామంది వేరుశనగ వేయడమే మానుకున్నారు. బారు చిన్నదవుతూ వచ్చింది. బావ ఆ దశాబ్దం చివర్లో, రోహిణికి ముందే, మూడు రోజులు జ్వరంతో పడుకుని పోయాడు. మూడో రోజు మా అక్కతో, బయట ఎన్ని మిషన్లున్నాయని అడిగాడట. నాలుగని అక్క చెప్పింది. నిజానికి రెండే.

అక్క షాపును టైర్లకు పంక్చరు వేసేవాడికి బాడుగకు ఇచ్చింది. రోహిణి కార్తెలో పెనుకొండకు ఇప్పుడెవరూ మిషన్లకు సందు పెట్టించుకోవడానికి రావడం లేదు.